అంకాలమ్మ భుజాల నలుపు

అరబ్బు దేశంలోని జాబ్రియాలో, మామా అని పిలవాల్సిన యజమానురాలు సమీరా ఇంట్లో అంకాలమ్మ పదకొండేళ్లుగా పనిచేస్తోంది. పుల్లంపేట దగ్గర పల్లె ఆమెది. నోరు మంచిది కాదని పేరు. మంచిదే అయితే ఆ ఇంట్లో పదకొండు వారాలు కూడా నెగ్గుకొచ్చేది కాదు.

ఎడమ రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలాక, అది ఎంతవరకు పాకిందో చూడటానికి డాక్టర్ స్కాన్ రాశాడు. మందు కలిపిన చక్కెరను నరంలోకి ఎక్కిస్తారు. రోగం ఆ చక్కెరను ఆబగా తిని, బొమ్మలో నల్లగా బయటపడుతుంది. మామా ముందే తేల్చేసింది.

"రొమ్ము దాటకపోతే ఇక్కడే వైద్యం చేయించుకో. దాటితే ఖలాస్. ఇఖామా రద్దు, టికెట్."

అక్కడ ఉండే అనుమతి తీసేసి ఇంటికి పంపేస్తే ఏ ఊళ్లో ఏ ఆసుపత్రి గేటు దగ్గర పడిగాపులు కాయాలో, ఎన్ని నెలలు కాయాలో అంకాలమ్మకు తెలియదు. గడ్డ అన్నాళ్లు ఆగదని మాత్రం తెలుసు.

స్కాన్‌కు ముందు పాటించాల్సినవి రాసిన కాగితం అరబ్బీలో ఉంది. మామా అంతా చదివి, "రేపు పొద్దున ఏమీ తినకు" అని ఒక్క ముక్క చెప్పింది. కాగితం మీద లేని రూలొకటి ఆ ఇంట్లో ఉంది. పనిమనిషి రేపు బయటికి పోవాలంటే రేపటి పని ఇవాళే చేసిపెట్టాలి. రంజాన్ దగ్గరపడింది. మగవాళ్లు కూర్చునే దివానియాలో తొమ్మిది తివాచీలు. అన్నిటినీ మేడ మీదికి మోసి, దులిపి, రుద్ది, కడిగి, పిట్టగోడ మీద ఆరేసేసరికి పొద్దుగూకింది. చేతులు పైకి లేవడం లేదు. కిటికీలు ఇంకా మిగిలాయని కింద నుంచి మామా కేకేసింది.

మర్నాడు బొమ్మ చూసి డాక్టర్ మొహం చిట్లించాడు. అక్కడ ఆయాగా చేసే రాయచోటి హసన్‌బీ ఆయన ప్రశ్నను తెలుగులో అడిగింది.

"నిన్న ఏం పని సేసినావక్కా?"

"తివాచీలు ఉతికినా. తొమ్మిది."

"అయ్యో నా తల్లీ! ముందురోజు బరువు పని సేయగూడదని కాగితంలో రాసిండ్లేదా? కష్టపడిన కండలు గూడా చక్కెర తింటాయంట. నీ భుజాలన్నీ నల్లంగా వచ్చినాయి. ఆ నలుపులో రోగం చంకలోకి పాకిందో లేదో కనపడలేదంట. మూడు దినాలు కదలకుండా ఉండి మళ్లా రమ్మంటాండాడు."

అంకాలమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

ఇంట్లో మామా ఆసుపత్రి కవరు చించి ముందు బొమ్మే బయటికి తీసింది. మెడ నుంచి మోచేతుల దాకా నలుపు.

"పాకింది. పెట్టె సర్దుకో."

"అందులోనే డాక్టర్ చీటీ ఉంది. చదువు మామా."

"అక్కర్లేదు. నాకు కళ్లున్నాయి."

అంకాలమ్మ వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. తనకొచ్చిన అరబ్బీలో కరాఖండిగా చెప్పింది.

"మూడు రోజులు పని లేదు. మీ ఆయన బాబాను పిలువు, పోలీసును పిలువు. నేను లేవను."

మూడు రోజులూ ఆ ఇల్లు ఆమె మీద విరుచుకుపడింది. సింకులో గిన్నెలు గుట్ట పడ్డాయి. దొంగ నాటకమంటూ మామా తలుపులు బాదింది. కూర్చోవడం ఇంత కష్టమని అంకాలమ్మకు అప్పుడే తెలిసింది. చెయ్యి దానంతటదే తుడుపుగుడ్డ కోసం వెళ్లేది. రెండో చేత్తో దాన్ని పట్టి ఆపుకుంది. ఆ ఇంటిని ఎన్నోసార్లు అసహ్యించుకుంది గానీ, ఇంత హాయిగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

నాలుగో రోజు టాక్సీ ఎక్కి తనే పోయింది. కొత్త బొమ్మలో భుజాలు తెల్లగా ఉన్నాయి. రొమ్ములో ఒక నల్ల చుక్క. చంకలో ఏమీ లేదు.

ఇంటికొచ్చి రెండు బొమ్మలనూ మామా టీకప్పు పక్కన పరిచింది. కొత్తదాని మీద వేలు పెట్టి, "ఈ చుక్క నా రోగం" అంది. పాతదాని భుజాల మీద వేలు పెట్టింది.

"ఇది నీ ఇల్లు."

మామా రెండు బొమ్మలూ చూసింది. చీటీ కూడా ఈసారి చదివింది. టికెట్ మాట ఎత్తలేదు.

"ఆపరేషన్ ఎప్పుడు?"

"పది రోజుల్లో."

"అయితే ఈలోపు కిటికీలు తుడిచెయ్యి."

అంకాలమ్మ బొమ్మలు తీసి కవర్లో పెట్టుకుంది. వంటింట్లోకి వెళ్లి మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది.