శిక్షణ జాబితాలో లేని నర్సు

పొద్దుటి నుంచి ముసురు. మా గని ఆసుపత్రి మెట్ల మీదంతా ఎర్రమట్టి బురద. రెండు ఆపరేషన్లు ముగించుకుని మధ్యాహ్నం థియేటర్ నర్సులం శిక్షణకు కూర్చున్నాం. లయ తప్పిన గుండెకు షాక్ ఇవ్వడం నేర్పడానికి విశాఖ నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు.

"డాక్టరు వచ్చేదాకా ఆగకండమ్మా, నేర్చుకున్న నర్సే ఇవ్వాలి. మీలో ఎవరైనా ఇచ్చారా?" అన్నారు.

"మాకింకా ఆ అవసరం రాలేదండి," అంది మా మేట్రన్.

వెనక నిలబడ్డ ముత్తమ్మ నవ్వింది. భేజ్జి ఊరి అమ్మాయి, కాంట్రాక్టు నర్సు. కాంట్రాక్టు వాళ్ల పేర్లు శిక్షణ జాబితాలో ఎక్కవు. శిక్షణకు వాడే బొమ్మను మోసుకొచ్చే పని మాత్రం ఆమెకే చెప్పారు.

"వచ్చింది సార్. పోయిన నెల గని కూలీ ఒకాయన టేబుల్ మీదనే పోతుండె. డాక్టర్ సాబ్ ఇంక రాలే, నేనే షాక్ ఇచ్చిన. ఆయన బతికిండు. ఆర్డర్ లేకుండ మిషన్ ఎందుకు ముట్టినవని నాకు నోటీస్ ఇచ్చిండ్రు. ఇయ్యాలతోని నా పని బంద్."

డాక్టరుగారు మేట్రన్ వైపు చూశారు. మేట్రన్ బయట వానకేసి చూసింది. ఆ రోజు అదే టేబుల్ పక్కన ఉన్న నేను ఇవాళ కూడా నోరు విప్పలేదు.

సాయంత్రం మాకందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. డాక్టరు కోసం ఆగకుండా షాక్ ఇవ్వడానికి నేను అర్హురాలినట. దీన్ని ఏ గోడకు తగిలించుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ముత్తమ్మ నాలుగున్నరకు గీదం బస్సెక్కి ఊరికి వెళ్లిపోయింది.