రాములేశ్వర్లు అనే మనిషి లేడు

మొన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గరగరమనేసరికి పక్కవాళ్లు చెవులు మూసుకున్నారు. నేను నిటారుగా నిలబడ్డాను. యాదగిరి గారి ముందు అలాగే నిలబడేవాణ్ణి.

ఎనభైల మధ్య సంగతి. మలక్‌పేటలో మా ఆఫీసంటే ఒక యూనిక్స్ కంప్యూటరు, రెండు తెరలు, ఒక ఫ్యాను. యాదగిరి గారు మా పెద్ద. లాల్‌దర్వాజాలో పాల వ్యాపారం చేసే ఇంటి మనిషి. పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసి, తొమ్మిదింటికి వచ్చి సి భాషలో ప్రోగ్రాములు రాసేవారు. నేను కోస్తా నుంచి డిగ్రీతో దిగి మొఘల్‌పురాలో అద్దెకున్నవాణ్ణి. చంకలో ఎప్పుడూ లావుపాటి పుస్తకం ఉండేది కనక ‘పంతులూ’ అని పిలిచేవారు. కొన్నాళ్లు అది గౌరవమనే అనుకున్నాను.

ఒక ఆసుపత్రి రక్తపరీక్షల గదికి పని చేస్తున్నాం. రోగి పేరును ఒక ప్రోగ్రాము తీసుకుని సందేశంగా రెండోదానికి పంపుతుంది. అది రిపోర్టు మీద అచ్చు వేస్తుంది. మర్నాడు ఆసుపత్రివాళ్లు చూడటానికి వస్తారు. బాగుంటే నా ఉద్యోగం ఖాయం. లేకపోతే, మా ఊరికి బస్సులు బాగానే ఉన్నాయి.

పేర్లకు బదులు పిచ్చిగీతలు వచ్చాయి. నేను ప్రింటర్ని అనుమానించాను. యాదగిరి గారు నా వెనక నిలబడి తెర చూశారు.

“సందేశంల ఏం పెట్టినవ్ పంతులూ?”

“పేరేనండీ.”

“పేరు పెట్టలే. పేరు యాడున్నదో గా జాగ నంబరు పెట్టినవ్. గది నీ ప్రోగ్రాముల చెల్తది, అవుతల దాంట్ల చెల్తదా? మా బర్రె ఏ కొట్టంల ఉన్నదో చీటీ రాసి పంపితే మొఘల్‌పురల నువ్వు చాయ్ పెట్టుకుంటవా? పాలు పంపాలె భాయ్!”

అక్షరాలనే సందేశంలోకి నకలు చేసి, ఆసుపత్రి ఇచ్చిన పాత జాబితా నడిపించాను. వెంకటేశ్వర్లు చక్కగా వచ్చాడు. ఆ వెనకే రాములేశ్వర్లు వచ్చాడు. ఇక్కడి పేర్లు ఇలా కూడా ఉంటాయేమోనని ఊరుకున్నాను. ఆయన ఆ కాగితం చూశారు. ప్రోగ్రాము తెరవనే లేదు.

“గీయన ఎవరు? ఇరవై ఏండ్ల సంది పాలు పోస్తున్న, రాములేశ్వర్లు అనేటోడు నాకు ఏ గల్లీల తగల్లే. కడగని గిన్నెల పోసినవ్ పంతులూ. అడుగున పాత పాలున్నయ్.”

సి భాషలో పేరు ముగిసిందని చెప్పడానికి చివర ఒక సున్నా ఉంటుంది. పొడవు కొలిస్తే అది లెక్కలోకి రాదు. పంపేటప్పుడు మనమే ఒకటి కలపాలి. చదువుకున్నవాణ్ణి కదా, సున్నాకి విలువేమిటని వదిలేశాను. అవతలి ప్రోగ్రాము పేరు పట్టుకునే గిన్నెలో వెంకటేశ్వర్లు ఇంకా ఉన్నాడు. ఆరు ఇంగ్లీషు అక్షరాల రాములు వచ్చి మొదటి ఆరింటి మీద కూర్చున్నాడు. మిగిలిన ‘ఏశ్వర్లు’ కదల్లేదు.

“నవ్వుతున్నవా? రాములు వచ్చి నా కాగితం ఏది సారూ అంటే, ఎవ్వని రక్తం చేతుల పెడ్తవ్?”

నేను నవ్వడం లేదు. భయపడితే నా ముఖం అలాగే ఉంటుంది. సున్నా కలిపాను. రాములు ఒక్కడే వచ్చాడు.

“రేపు వాళ్లకి చెప్తారాండీ?”

“చెప్తా. దాస్తే పాలల్ల నీళ్లు కలిపినట్టే.”

చెప్పారు కూడా, అందరి ముందూ. “రెండుసార్లు చెడగొట్టిండు, రెండుసార్లు బాగుచేసిండు. మూడోది ఉంటే మీరు పట్టుకోండ్రి.” పెద్ద డాక్టరు గంటసేపు రకరకాల పేర్లిచ్చి వెతికారు. దొరకలేదు. నా ఉద్యోగం నిలిచింది.

కాగితం మీద ఒక్క పేరు చదివి యంత్రం కడుపులో ఏముందో చెప్పే మనిషిని ఆయన తర్వాత ఇంకొకర్ని నేను చూడలేదు. ఇప్పటికీ ఏ జాబితా పంపే ముందైనా పేర్లన్నీ పైకి చదువుతాను, ఇలాంటి మనిషి ఒకడు ఉండి ఉంటాడా అని. నేను జపం చేసుకుంటున్నానని మా ఆవిడ చుట్టాలకు చెప్పింది. కాదనలేదు.