నాడె పీల్చిన నోరు

నా మీసం కింద ఒక అబద్ధం ఉంది. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తూ తిరుగుతున్నాను. షోకుకు పెంచాననుకుంటారు ఇంట్లో వాళ్లు. భార్యకు కూడా చెప్పలేదు. మీరు నా ముఖం చూడలేరు గనక మీకు చెప్తున్నాను.

అప్పట్లో నేను సిరిసిల్లలో సాంచాలు నడిపేవాణ్ని. మరమగ్గాలను మేమట్లా అంటాం. పగలు నేను, రాత్రి రాజేశం. ఆ పేరు నేను మార్చి పెట్టింది. ఇద్దరివీ అవే మగ్గాలు, అడ్డపోగును అటూ ఇటూ మోసే అవే నాడెలు. నూలు కండె అయిపోతే కొత్తది నాడెలో పెట్టి, బెజ్జం దగ్గర నోరు పెట్టి పీల్చాలి. అప్పుడే పోగు బయటికి వస్తుంది. అతని ఎంగిలి నాకు, నా ఎంగిలి అతనికి. దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు.

తెలంగాణ కోసం బందులు, సమ్మెలు నడుస్తున్న రోజులవి. జ్వరం వచ్చి తగ్గాక నా పై పెదవి మీద నీటిపొక్కులు గుంపుగా లేచాయి. దుమ్మని చెప్పి మూతికి తువ్వాల చుట్టుకున్నాను. నాడె పీల్చేటప్పుడు మాత్రం దించక తప్పదు కదా. నావి మానిపోయాయి. కొన్నాళ్లకు రాజేశం మూతికి లేచాయి, నాకంటే ఎక్కువగా. వాడకట్టులోని ఆరెంపీ డాక్టరు చూసి హెర్పిస్ అన్నాడట. ఆ మాట వీధి దాటేసరికి సుఖరోగమైంది. రాజేశం అంతకుముందు బొంబాయి దగ్గరి భీవండిలో మగ్గాల మీద ఒంటరిగా పనిచేసి వచ్చినవాడు. ఇంకేం కావాలి జనానికి? నిప్పు లేనిదే పొగ రాదన్నారు. అతని భార్య పద్మను పుట్టింటివాళ్లు కోనరావుపేటకు తీసుకుపోయారు.

రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు అందరం బంతిలో కూర్చున్నాం. రాజేశం నా పక్కన వచ్చి కూర్చున్నాడు. అటూ ఇటూ ఉన్నవాళ్లు విస్తళ్లు పట్టుకుని లేచారు. నేనూ లేచాను. ఎందుకు లేచాను? నాకున్నదే కదా అతనికి ఉంది! అతను తలెత్తకుండా అన్నం కలుపుకున్నాడు.

తర్వాత పద్మ తండ్రి నన్ను వెతుక్కుంటూ సాంచాల దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు, ఏదో ఆశతో వచ్చాడు.

"ఒక్కటే నాడె గదా కొడుకా మీ ఇద్దరిది. నీ మూతికి గిట్ల ఎన్నడన్న అయ్యిందా? అయ్యిందంటే చెప్పు, బిడ్డను రేపే తోలిస్త."

"నాకేం కాలే మామా."

నాకప్పుడు కోరుట్ల సంబంధం మాట్లాడుతున్నారు. ఆ రోగం పేరు నా మీద కూడా పడుతుందని భయపడ్డాను, అంతే. ఆయన సరే మరి అని లేచి వెళ్లిపోయాడు. పద్మ తిరిగి రాలేదు. రాజేశం మళ్లీ భీవండి పోయాడు. అలవాటున్న తావుకే పోయిండని నవ్వుకున్నారు జనం. నా పెళ్లి అనుకున్నట్టే జరిగింది.

పొక్కులు మళ్లీ వచ్చినప్పుడు జగిత్యాలలో చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఇది చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లో ఎవరో ముద్దు పెట్టుకున్నప్పుడే అంటుతుందట. నరంలో దాక్కుని, జ్వరానికో ఎండకో నిద్రలేమికో మళ్లీ బయటపడుతుందట, పూర్తిగా పోదట. మూతి మీది పొక్కులు చూసి మనిషి నడతను ఎట్లా చెప్తారని ఆమే నన్ను అడిగింది. నాడె సంగతి చెప్పాను. వస్తువుల వల్ల అంటడం తక్కువ, ఆయనకు ముందే ఉండి ఉండొచ్చు అంది. హమ్మయ్య అనుకున్నాను. బస్సు ఎక్కేదాకా కూడా ఆ ఊరట నిలవలేదు. ఎవరి నుంచి ఎవరికి అంటిందో మామ అడిగాడా? నాకు అయిందా అని ఒక్కటే అడిగాడు.

నిన్న మళ్లీ పెదవి చిమచిమలాడింది. మా చిన్నపాపను ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయాను. మామ ఇప్పుడు లేడు. ఆయన అడిగినదానికి జవాబు ఇక్కడే చెప్తున్నాను.

అయ్యింది మామా. ముందుగాల నాకే అయ్యింది.