గాజుకొండ కథ ఆఖరి కాగితాలు

పదకొండేళ్ళ వయసులో నేను ఒక పిల్ల మీద ఏడ్చినంతగా ఆ తర్వాత ఎవరి మీదా ఏడవలేదు. నగల కోసం కాదు, పట్టు పరికిణీ కోసం కాదు. ఒక పుస్తకం కోసం.

దాన్ని పుస్తకమనడం కూడా ఎక్కువే. బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండే మా పెద్దమ్మ కూతురు పిల్లల మాసపత్రికలో వచ్చిన గాజుకొండ నవలను నెలనెలా చించి దాచి, దబ్బనంతో కుట్టి, సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసింది. కుమ్మరి పిల్లవాడి అక్క గొంతును ఒక మాంత్రికుడు దొంగిలించి, గాజుకొండ మీద కుండలో పెట్టి మూత వేస్తాడు. తమ్ముడు దాన్ని వెతుక్కుంటూ పోతాడు. అదీ కథ.

వేసవి సెలవులకు ఆ బిట్రగుంట అక్క విడవలూరు దగ్గర మా ఊరికి ఏ పుస్తకం తెచ్చినా ముందు నాకే. నేను చదివాకే మిగతా పిల్లలకు, తలా రెండు రోజులు. ఎవరెవరికి ఇవ్వాలో కూడా నేనే చెప్పేదాన్ని. ఆ పెత్తనం నాకు కథ కంటే రుచిగా ఉండేది.

ఆ ఏడు సముద్రం ఒడ్డున పాలెం నుంచి మా ఇంటికి చేపలు తెచ్చే ఆమె వెంట ఆమె కూతురు వచ్చింది. బడిలో నా తరగతే. అమ్మ చేపలు బేరమాడుతున్నంతసేపూ ఆ పిల్ల అరుగు మీదున్న నా తెలుగు వాచకం తీసి పైకి చదువుతూ కూర్చుంది. అక్క పని మానుకుని విన్నది. మర్నాడు పుస్తకం నా చేతికిచ్చి చెప్పింది.

"ఈసారి ముందు ఆ పిల్లకిద్దాం మే. పాలెంలో చదువు రానోళ్ళందరికీ చదివి వినిపిస్తాదంట. నువ్వే తీసకపోయి ఇచ్చిరా."

కడుపు మండిపోయింది. నేను చదవని పుస్తకాన్ని నా చేతులతోనే మోసుకుపోయి దానికివ్వాలి. చేపల గంప మోసే పిల్లకు నా కంటే ముందా అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను, ఇప్పుడు దాచి ఏం లాభం. సరుగుడు తోపులో కూర్చుని ఆఖరి నెల కాగితాలు చూశాను. అక్క తొందరలో కుట్టినట్టుంది, దారం వదులుగా ఉంది. నాలుగు కాగితాలూ లాగి లంగా బొడ్లో దోపుకున్నాను. అందరి ముందూ చివరిదాకా వచ్చి అది నోరు తెరుచుకుని నిలబడాలి. నాకు కావలసిందల్లా అదే.

అది చూడటానికే రెండో రోజు మధ్యాహ్నం పాలేనికి పోయాను. ఆడవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. ఆ పిల్ల ఒడ్డుకు లాగిన తెప్ప మీద కూర్చుని చదువుతోంది. చుట్టూ పిల్లలు. కథలో కుమ్మరి పిల్లవాడు కుండ మూత మీద చెయ్యి వేశాడు. ఆ పిల్ల కాగితం తిప్పింది. అట్ట వచ్చింది.

తెగిన దారాన్ని వేలితో తడిమి తలెత్తి, తిన్నగా నన్నే చూసింది. నేను వలల వైపు చూపు తిప్పేశాను. ఆ పిల్ల మళ్ళీ తల వంచి, ఒట్టి సిమెంటు కాగితాన్ని చూస్తూ చదవడం మొదలుపెట్టింది.

మూత తీయగానే నూరు గొంతులు బయటికొచ్చాయట. అన్నీ తియ్యగా తమ్ముడూ, తమ్ముడూ అని పిలిచాయట. పిల్లవాడు కదల్లేదు. చిట్టచివర ఒక గొంతు తిట్టింది.

"యాడ పోయినావురా ఇంతసేపు? గంజి చల్లారిపోయింది గదా."

మా అక్క ఇదేనని వాడు ఆ గొంతును గుప్పిట్లో పట్టుకుని ఇంటికి పరుగెత్తాడట.

పిల్లలు నవ్వారు. వల పట్టుకున్న ఒక ముసలామె కళ్ళు తుడుచుకుంది. అచ్చులో ఏముందో అక్కడ నాకొక్కదానికే తెలుసు. రాజు వస్తాడు, మాంత్రికుణ్ణి చంపుతాడు, అక్కను పెళ్ళాడతాడు. నాలుగుసార్లు చదివినా నాకు ఏడుపు రాలేదు.

పుస్తకం తిరిగొచ్చాక ఆఖరి కాగితాలేవని అక్క అడిగితే, తానే చూసుకోలేదని, గాలికి పోయాయని ఆ పిల్ల చెప్పింది. నేను పక్కనే తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. అక్క దానిమీద కోప్పడుతుందేమోనని కాస్త ఆశ కూడా పడ్డాను. కానీ అప్పటికే పిల్లలు ఆ కథంతా అక్కకు చెప్పేశారు. అక్క నోటుపుస్తకం కాగితాలిచ్చి దానిచేతే ఆ ముగింపు రాయించి, దబ్బనం తెచ్చి గట్టిగా కుట్టింది. నా వంతు వచ్చేసరికి గాజుకొండ ఆ గుండ్రటి చేతిరాతతో ముగిసింది. నేను చించింది దాని ముగింపుకు చోటు ఖాళీ చేయడానికే అయింది.

అచ్చు కాగితాలు ఇప్పటికీ నా పెట్టె అడుగున ఉన్నాయి. నా పిల్లలకు వాటిని ఒక్కసారీ చదివి వినిపించలేదు. గంజి చల్లారిపోయిన కథే చెప్పాను, చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేదాన్ని. ఇది ఎవరు రాశారమ్మా అని ఒకరోజు మా చిన్నది అడిగింది.

అచ్చు పుస్తకంలోనే ఉందిలే అన్నాను.