అత్తగారి కళ్ళు తిరిగిన చలికాలం

ఎనభైల మొదట్లో డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలు ఇంజనీర్లను వరసపెట్టి ఇంటికి పంపేస్తున్న రోజులవి. మావారి ఉద్యోగం పోయింది, దాంతోపాటే ఇన్సూరెన్సూ పోయింది. సరిగ్గా ఆ చలికాలమే మా అత్తగారు కళ్ళు తిరిగి పడిపోవడం మొదలుపెట్టారు. ఆవిడకు షుగరు. ఎప్పుడో ఊళ్ళో డాక్టరు రాసిచ్చిన మాత్రే వేసుకునేవారు. ఒకసారి పొయ్యి పక్కనే పడ్డారు. మండుతున్న పొయ్యి, ఆ పక్కనే ఆవిడ చీరకొంగు. నేను లైబ్రరీలో పనికెళ్ళినప్పుడు అలా పడితే ఏం గతి? ఆ భయంతో నాకు కంటిమీద కునుకు లేకుండా పోయింది.

లేనివాళ్ళ వైద్యానికి గవర్నమెంటు ఇచ్చే మెడికెయిడ్ కార్డు వచ్చింది. కార్డయితే వచ్చింది, తీసుకునే డాక్టరేడీ? మేముండే నోవైలో మా పాత డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఏ ఇన్సూరెన్స్?" అని అడిగారు. చెప్పాను. అప్పటిదాకా తేనె ఒలికిన గొంతు గడ్డకట్టింది. కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదట! ఇన్నేళ్ళూ తుమ్మినా దగ్గినా వాళ్ళకు డబ్బు కట్టిన మేము ఒక్క రోజులో కొత్తవాళ్ళమైపోయాం. ఎల్లో పేజెస్ అనే ఫోన్ నంబర్ల పుస్తకం ముందేసుకుని ఊళ్ళో ఉన్న డాక్టర్లందరికీ ఫోన్ చేశాను. అందరిదీ అదే పాట. ఒళ్ళు మండిపోయింది.

మన తెలుగు డాక్టర్లకేం కొదవ లేదు. తలా ఓ వంటకం తెచ్చే పాట్‌లక్‌కు వెళితే గదికిద్దరు తగులుతారు. ఓ చేత్తో పులిహోర ప్లేటు పట్టుకుని, రెండో చేత్తో మా అత్తగారి నాడి చూసి, "నీరసమమ్మా, ఏం లేదు. ఆదివారం ఇంటికి తీసుకురా, చూద్దాం" అన్నాడొక పెద్దాయన.

"ఇంటికెందుకు అన్నయ్యగారూ, మీ క్లినిక్‌కే తీసుకొస్తాను. కార్డుంది" అన్నాను.

"మనలో మనకు కార్డులేంటమ్మా!" అని నవ్వేసి పెరుగు గిన్నె వైపు నడిచాడు. మంచివాడే, కాదనను. కానీ మా అత్తగారికి కావలసింది సోఫాలో కూర్చోబెట్టి చూసే డాక్టరు కాదు. రక్తం తీసి, ఫైలు పెట్టి, మళ్ళీ ఫలానా రోజున రమ్మనే డాక్టరు. అలాంటి డాక్టరును పట్టుకునేదాకా వదలకూడదనుకున్నాను.

ఈ కార్డున్న వాళ్ళు కూడా ఎక్కడో మందులు కొనుక్కుంటారు కదా, మరి ఆ చీటీలు రాసేదెవరు? ఆ ఆలోచన రాగానే సిటీ వైపు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, కనబడిన మందుల షాపులన్నిట్లో అడిగాను. ఒకాయన నా ముఖం చూసి, వెనక వీధిలో ఉన్న క్లినిక్‌కు దారి చెప్పాడు.

అక్కడ కార్డు తీసుకుంటామన్నారు! ఆ సంతోషంలోనే నా ఇంగ్లీషు కొంప ముంచింది. సమస్యేమిటని కౌంటరులో పిల్ల అడిగితే, కళ్ళు తిరుగుతున్నాయన్న మాటను ఉన్నదున్నట్టు తర్జుమా చేసి, "హర్ ఐస్ ఆర్ టర్నింగ్" అన్నాను. పాపం, ఆ పిల్ల బోలెడంత జాలిపడి అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. వారాల తరబడి ఎదురుచూసి, మంచులో పడుతూ లేస్తూ వెళితే, అక్కడున్నది కళ్ళ డాక్టరు! అత్తగారి కళ్ళను అటూ ఇటూ తిప్పించి, ఏ వంకా లేదు, దివ్యంగా ఉన్నాయన్నాడు.

"కళ్ళకేమే, సూదిలో దారం ఎక్కిస్తాను. నన్నెందుకు తీసుకొచ్చావు?" అని ఆవిడ నన్ను దులిపేశారు. నేను తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళి, తల పట్టుకుని, గిర్రున ఓ చుట్టు తిరిగి, పడబోయినట్టు నటించి చూపించాను. "ఓ, డిజ్జీ!" అంది ఆ పిల్ల. ఆ ముక్క ముందే తెలిస్తే ఎంత బావుండేది! ఈసారి షుగరు చూసే డాక్టరమ్మ దగ్గరికి రాసింది.

ఆ రోజు మావారే కారు నడిపారు. క్లినిక్ దాకా వచ్చి, "మీరు వెళ్ళండి, నేను కార్లోనే ఉంటాను" అన్నారు. ఆ కార్డు పట్టుకుని లోపల పేషెంట్ల వరసలో కూర్చోవడం ఆయన వల్ల కాదని నాకు తెలుసు. అత్తగారిని తీసుకుని లోపలికి వెళ్ళాను.

డాక్టరమ్మ తల నెరిసిన మనిషి, తొందరపడే రకం కాదు. పొద్దున ఏం తిన్నారని అడిగింది. ఏమీ తినలేదన్నారు అత్తగారు. "గుడ్. ఫాస్టింగ్ కాబట్టి ఇప్పుడే రక్తం తీసుకుందాం" అంది డాక్టరమ్మ. ఉపవాసంతో ఉన్నారు కాబట్టి ఇప్పుడే రక్తం తీస్తారట అని అత్తగారికి చెప్పాను.

"అవును, ఇవాళ గురువారం కదా" అన్నారావిడ.

"గురువారమేమిటి? మీరు ఒక్కపొద్దు ఉండేది శనివారం కదా?"

ఆవిడ చూపు పక్కకు తిప్పుకున్నారు. "సోమవారం, గురువారం కూడా పట్టాను. వాడికి ఉద్యోగం వచ్చేదాకా."

"మరి మాత్ర?"

"మాత్ర మాత్రం మానకూడదని నువ్వే కదా చెప్పావు! వేసుకుంటూనే ఉన్నాను."

విషయం చెప్పగానే డాక్టరమ్మ వేలు పొడిచి చూసి, గబగబా ఆరెంజ్ జ్యూస్ తెప్పించింది. తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుంటే షుగరు పడిపోతుందట. ఇలాగే సాగితే ఏదో ఒక రోజు పడ్డ మనిషి ఇక లేవదని నన్ను హెచ్చరించింది. అత్తగారు మూతి బిగించుకున్నారు. పొద్దుగూకితే గాని ముట్టరట.

నేను పార్కింగ్‌లోకి పరిగెత్తాను. కారు తలుపు లాగి, "మీ అమ్మ మీ ఉద్యోగం కోసం అన్నం మానేసింది. దిగండి" అన్నాను.

దిగారు. ఆ వరస పక్కనుంచే నడిచి లోపలికి వచ్చారు. గ్లాసు అందుకుని, "అమ్మా, నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ముందు ఇది తాగు" అన్నారు.

"ఏం చూసుకుంటున్నావురా, కార్లో కూర్చుని?"

ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇంక కూర్చోనులే. ఇక్కడికి ఎప్పుడు రావాలన్నా నేనే తీసుకొచ్చి, నీ పక్కనే ఉంటాను. తాగమ్మా."

అత్తగారు కొడుకు ముఖంలోకి చూస్తూ, గ్లాసు అందుకుని తాగారు.