పోశెట్టి సారు నన్ను నిలబెట్టిన వైపు

బోధన్ బస్టాండు బయట చెరకు రసం బండి దగ్గర ఆగినప్పుడల్లా, గ్లాసు చేతికి రాకముందే నలిగిన పిప్పి వాసన నన్ను పట్టుకుంటుంది. ఇప్పుడు మా చుట్టుపక్కల చెరకు తక్కువ, ఎటు చూసినా వరే. ఆ బండివాడి గడలు కూడా మహారాష్ట్ర వైపునుంచి వస్తాయట. అయినా ఆ పచ్చి తీపి వాసన తగిలితే చాలు, నేను మళ్ళీ పదో తరగతి పిల్లనైపోతాను. ఎడపల్లి దారిలో చెరకు బండ్ల వెనక బడికి నడుస్తూ, పోశెట్టి సారు నాకు మేలు చేస్తున్నారా కీడు చేస్తున్నారా అని తెగని ఆలోచన చేస్తూ ఉంటాను.

ఆయన మా బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి. గొంతు జబ్బు ఉండేది కాబట్టి ఎండాకాలంలో కూడా మెడకు మఫ్లర్ చుట్టుకునేవారు. గట్టిగా మాట్లాడలేరు. ఆయన మాట వినబడాలంటే మేమే నోరు మూసుకోవాలి. బడి వదిలాక నేరుగా చౌరస్తాలోని దీక్షా శిబిరానికి వెళ్ళి కూర్చునేవారు. అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వేసిన రోజులు. ఆ సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. సరిగ్గా అందుకే మా క్యాంపులో ఆయన పేరు చెబితే పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవారు.

మా వైపు క్యాంపు అంటే కాలువ నీళ్ళను నమ్ముకుని కృష్ణా తీరంనుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న ఊరు. మా తాత అలా వచ్చినవాడే. మా నాన్న క్యాంపులోనే పుట్టాడు, నేనూ అక్కడే పుట్టాను. బడిలో నా స్నేహితుల్లా మాట్లాడేదాన్ని, ఇంటి గడప తొక్కగానే మా నానమ్మలా మాట్లాడేదాన్ని. ఎవరూ నేర్పకుండానే నాలుక మార్చుకోవడం వచ్చేసింది. ఎవరైనా రెండు సార్లు నా వైపు చూస్తే, నా మాటలో ఏ ముక్క తప్పుగా దొర్లిందా అని వెతుక్కునేదాన్ని.

ఒక రోజు సారు బోర్డు మీద ఒక ప్రశ్న రాశారు: వలస వచ్చినవారి మనుమలు కూడా వలసవారేనా? వారం తర్వాత బడి ముందు చర్చ పెడతానని, ఊరివాళ్ళను కూడా పిలుస్తానని చెప్పారు. కాదు అని వాదించడానికి గంగాధర్‌ను పెట్టారు. వాడిది ఎడపల్లి దగ్గర పాత రైతు కుటుంబం. వాడి చిన్నాన్న రోజూ శిబిరంలో కూర్చునేవాడు. అవును, వలసవారే అని వాదించడానికి నన్ను లేపారు.

తరగతి అంతా తల తిప్పి నన్ను చూసింది. క్యాంపు పిల్ల నేనొక్కదాన్నే.

"సార్, నేను రెండో వైపు మాట్లాడతాను," అన్నాను.

"ఆ వైపు నీకు ముందే ఎరుక గదా బిడ్డా. ఇది నేర్చుకొని రా," అన్నారు.

ఇంట్లో చెప్పగానే నాన్న చేతిలోని అన్నం ముద్ద కంచంలో పెట్టేశాడు. మర్నాడు తెల్ల చొక్కా వేసుకుని నాతో పాటు బడికి వచ్చాడు. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు.

"మా పిల్ల నోటితో మేం పరాయివాళ్ళమని చెప్పించాలనా మీ ఉద్దేశం?"

"వాదన నేర్పిస్తున్న అన్నా. ఎదుటోని లెక్క తెల్వాలె గదా."

"రేపు ఎవరైనా ఆ మాట పట్టుకుని, మీ పిల్లే చెప్పింది కదా అంటే?"

సారు మఫ్లర్ సర్దుకున్నారు. తర్వాత, "నన్ను నమ్మమని నేనంటలేను. గా దినం వచ్చి ముంగట కూసోండ్రి. తప్పనిపిస్తే ఆడనే ఆపుండ్రి," అన్నారు.

దారిలో నాన్న ఒకటే మాట అన్నాడు. "నమ్మమని అడగనివాడితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి."

నేను జాగ్రత్తగానే మొదలుపెట్టాను. ముందు నానమ్మను అడిగాను, మనది ఏ ఊరని. "ఇంకేది, కంకిపాడు పక్కన," అంది ఆలోచించకుండా. ఆవిడ అక్కడికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. అదే ప్రశ్న నాన్నను అడిగితే, "ఇదే," అని కాలితో నేలను తట్టి చూపించాడు. ఒకే వసారాలో రెండు జవాబులు.

ఆ తర్వాత గంగాధర్ వాళ్ళ అవ్వ దగ్గరికి వెళ్ళాను. గంగవ్వ పసుపు కొమ్ములు ఎండబోస్తోంది. నేను ఎవరి మనవరాలినో చెప్పగానే చేతులు ఆగిపోయాయి.

"మీ తాత మాట మంచిదే. మనిషిని మాత్రం నేనెన్నడు నమ్మలే," అంది.

"ఎందుకవ్వా?"

"మీ పొలం ఉన్నది సూడు, గది మా మామ అమ్మిన చెల్క. రాళ్ళు తప్ప ఏం లేకుండె. అమ్మిన రెండేండ్లకు పిల్ల కాలువ ఇటే మలిగింది. గది వస్తదని మీ తాతకు ముందుగాల్నే ఎరుక. మాకెవ్వడు చెప్పలే."

"తాతకు తెలుసని నీకెలా తెలుసు?"

"తెల్వకుంటే గా రాళ్ళు ఎవడు కొంటడే?"

ఇంటికొచ్చి నానమ్మను అడిగాను. ఆవిడ మొహం మారిపోయింది. "ఎవరు చెప్పారే నీకు?" అంది ముందు. తర్వాత, "నీళ్ళు ఎలా తిప్పాలో మాకు తెలుసు. రాళ్ళు ఏరింది ఈ చేతులే," అని అరచేతులు చూపించింది. నేను అడిగింది అది కాదు. కాలువ సంగతి మళ్ళీ అడిగితే, "మీ తాత ఉంటే చెప్పేవాడు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి మా పొలం గట్టు మీద నడుస్తుంటే నాకు తాత మీద కూడా అనుమానం మొదలైంది. గంగవ్వ మీదా అనుమానమే. నష్టపోయినవాళ్ళు కథను తమకు నచ్చినట్టు కట్టుకోరా?

చర్చ రోజున నాన్న నిజంగానే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. గంగాధర్ చిన్నాన్న ఇంకొందరితో వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను లేచాను. మా నానమ్మకు తన ఊరు ఇంకా కృష్ణా ఒడ్డునే ఉందని చెప్పాను. గంగవ్వ చెప్పింది కూడా, పేరు ఎత్తకుండా, చెప్పాను. "నేను ఎక్కడినుంచీ రాలేదు. కానీ మా తాత వచ్చినందువల్ల దొరికిన పొలం మీదనే నేను అన్నం తింటున్నాను. ఆ పొలం మాది అనుకుంటే, ఆ వలస కూడా మాదే అనుకోవాలి," అని ముగించాను. నాన్న నా వైపు చూడడం మానేసి తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

వెనకనుంచి ఒక గొంతు లేచింది. "ఇన్నరా? సొంత నోటితోనే ఒప్పుకున్నది!"

నాన్న భయపడింది అదే. ఆయన సగం లేచాడు కూడా.

సారు లేచి నిలబడ్డారు. ఆ గొంతుతో అరవలేరు కదా, చెయ్యి ఎత్తి అలాగే ఆగారు. సద్దుమణిగాక, "ఒప్పుకునుడు కాదు. నేనిచ్చిన వైపు మాట్లాడింది. ఇగ రెండోది ఇనుండ్రి," అన్నారు.

గంగాధర్ కాగితం తెచ్చుకున్నాడు కానీ దాన్ని జేబులోనే ఉంచాడు. "మా మేనత్త బొంబాయి దగ్గర భివండిల ఉంటది," అని మొదలుపెట్టాడు. "ఆమె పిల్లలు ఆన్నే పుట్టిండ్రు. మరాఠీల్నే కొట్లాడుకుంటరు. అయినా ఆడ వాళ్ళను తెలుగోళ్ళే అంటరు. ఈడికొస్తే మనం బొంబాయోళ్ళు అంటం. పోయినసారి మా బావ నన్ను అడిగిండు, అరే, నేను ఏ ఊరోన్ని రా అని. నాకు జవాబు రాలే. గా పోరడు ఏం తప్పు చేసిండు? వాడు తప్పు చెయ్యలే అంటే, ఈమె ఏం చేసింది?" అని నా వైపు చెయ్యి చూపించాడు. వాళ్ళ చిన్నాన్న గోడ దగ్గరనుంచి కదిలి బయటికి వెళ్ళిపోయాడు.

ఎవరు గెలిచారో సారు చెప్పలేదు. ఇద్దరినీ బయటికి తీసుకెళ్ళి చెరకు రసం తాగించారు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకోకుండా తాగాం.

ఆ తర్వాత జరిగింది ఆయనకే జరిగింది. శిబిరంలో ఆయన క్యాంపువాళ్ళకు అమ్ముడుపోయాడన్నారు. క్యాంపులో, ఆయన చిన్నపిల్లను అడ్డం పెట్టుకుని మన నోటితోనే మనల్ని తిట్టించాడన్నారు. అంతకుముందు శిబిరంలో ఆయనను మధ్యలో కూర్చోబెట్టేవారు. ఆ తర్వాత టెంటు తాడు కట్టిన గుంజ పక్కన, చివర్లో కనిపించేవారు. వెళ్ళడం మాత్రం మానలేదు. రాష్ట్రం వచ్చిన రోజున బోధన్‌లో ఊరేగింపులో రంగు పూసుకుని ఎగిరిన ముసలివాళ్ళలో ఆయనా ఒకరు. మా నాన్న ఆ రోజు తలుపు వేసుకుని కూర్చున్నాడు. భయపడ్డట్టు ఏమీ జరగలేదు. అయినా నాన్న చాలా నెలలు ఎవరు నవ్వుతూ పలకరించినా, ఎందుకు నవ్వుతున్నాడు అని అడిగేవాడు.

నాకు నిజామాబాద్‌లో టీచర్ ఉద్యోగం వచ్చాక సారును చూడడానికి వెళ్ళాను. గొంతు దాదాపు పోయింది. దగ్గరికి జరిగి కూర్చుంటే తప్ప మాట వినబడదు. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అడిగేశాను.

"సార్, ఆ రోజు నన్ను ఆ వైపు ఎందుకు పెట్టారు? నిజంగా వాదన నేర్పడానికేనా?"

ఆయన నవ్వలేదు. "మీ బాపు అనుమానం సగం నిజమే బిడ్డా," అన్నారు. "నాకు మీ క్యాంపోళ్ళ మీద నమ్మకం లేకుండె. గంగవ్వ చెల్క ముచ్చట ఊరంత ఎరుకే. గది మీ నోట ఒక్కసారన్న ఇనాలని ఉండె. నువ్వు అన్నవ్. నాకు కడుపు నిండింది. గని గంగాధర్ గట్ల మాట్లాడుతడని నేను అనుకోలే. వాన్ని ఊకనే పెట్టిన, వాడు ఓడిపోతడని. వాడు మాట్లాడినంక నేను నీకు ఏం చేసిన్నో నాకు సమజైంది."

నాకు కోపం రావాలి. రాలేదు. ఇన్నాళ్ళూ ఒక మంచి మాస్టారు బొమ్మను గుండెలో పెట్టుకుని తిరిగాను. ఆ బొమ్మకంటే, నా ముందు మఫ్లర్ చుట్టుకుని నిజం చెబుతున్న ఈ మనిషి నాకు దగ్గరగా అనిపించాడు.

నాన్నకు చెబితే, "నేను చెప్పలేదా?" అన్నాడు వెంటనే. గెలిచినట్టు కాసేపు పొలం వైపు చూశాడు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మెల్లగా అడిగాడు: "అయితే ఆ ముసలావిడ కాలువ గురించి చెప్పింది నిజమేనంటావా?" తెలియదన్నాను. మా ఇంట్లో ఆ ప్రశ్న నేను కాక ఇంకొకరు అడగడం అదే మొదటిసారి. ఆ మరుసటి ఏడు సారు పోయారు. అంతిమయాత్రలో నాన్న నా వెనక నడిచాడు.

మొన్న మా బడి వార్షికోత్సవానికి పిల్లలతో రాష్ట్రాల వేషాలు వేయించాలనుకున్నాం. మా తరగతిలో రూప అనే పిల్ల ఉంది. వాళ్ళ నాన్న బీహార్‌నుంచి వచ్చి రైస్ మిల్లులో బస్తాలు మోస్తాడు. రూప పుట్టింది ఇక్కడే, తిట్టుకునేది కూడా నిజామాబాద్ మాటల్లోనే. "బీహార్‌కు రూపను పెడదాం మేడం, ఈజీగ అయితది," అన్నది తోటి టీచర్. నేను రూపను పిలిచాను. నీకిష్టమేనా అని అడగబోతూ ఆగాను. ఆ పిల్ల కాదనాలని, తెలంగాణ వేషం అడగాలని, అది ఇప్పించి నేను మంచిదాన్ని అనిపించుకోవాలని నాలో అప్పుడే ఒక కోరిక తయారై ఉంది. పోశెట్టి సారు నాకు ఇచ్చిపోయింది ఈ ఆగడమే. ఎదుటివాళ్ళను అడిగేముందు నా మీద నేను పడే అనుమానం.

"వార్షికోత్సవంల నువ్వు ఏ వేషం వెయ్యాలనుకుంటున్నవ్ రూపా?" అన్నాను.

ఆ పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీరెందుకు అడుగుతుండ్రు టీచర్?"

ఆ చూపు నాకు బాగా తెలుసు. పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బీహార్ వేషం ఎవరు అనుకున్నారో, ఎందుకనుకున్నారో, నా మనసులో ఏ జవాబు కోసం ఆశ ఉందో అన్నీ చెప్పాను. రూప విన్నది. నన్ను నమ్మిందని అనుకోను. లేచి గోడకు ఒక కాలు ఆనించి నిలబడింది.

"అయితే నేను ఏ వేషం గూడ వెయ్య టీచర్," అంది. "మైకు పట్టుకొని అందరి పేర్లు నేనే పిలుస్త."