కంపెనీవాళ్లు వెనక్కి పిలుస్తారని

ఆ రోజుల్లో ఒరిస్సాలోని మా రాయగడలో సెల్‌ఫోన్ గురించి మాట్లాడేవాళ్లే గాని అది చేతిలో ఉన్నవాళ్లు తక్కువ. ఊళ్లో కొత్తగా టవరు లేస్తే చూడ్డానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను (ఇనుప స్తంభాన్ని చూడ్డానికి జడలో పూలు పెట్టుకుని మరీ వెళ్లాను, ఏం చెప్పమంటారు). డిగ్రీ అయిపోయి సంబంధాలు ఇంకా మొదలుకాని ఆ మధ్య కాలంలో నాన్న టోకు కొట్లో కూర్చునేదాన్ని. హిందీ ధారాళంగా వచ్చని నాకు గట్టి నమ్మకం. నాన్నకి నాకంటే గట్టి నమ్మకం.

అల్లం, చింతపండు కొనడానికి నాన్న వారం వారం దసమంతపూర్ సంతకి వెళ్లేవాడు. జీపెక్కాడంటే మర్నాడు సాయంత్రం దాకా మనిషి అజా ఉండదు. అక్కకి మా ఇంట్లోనే మొదటి కానుపైనప్పుడు వీధి వీధంతా వచ్చి పిల్లాణ్ణి చూసి వెళ్లాక, అల్లం బస్తాలతో తాపీగా దిగాడు తాతగారైన మా నాన్న. అమ్మ ఆ మాట ఎత్తినప్పుడల్లా నాన్న మొహం చిన్నబోయేది. ఇప్పుడు రెండో కానుపు గుణుపురంలో అత్తవారింట్లో. "ఈసారి కూడా ఊరందరికన్నా ఎనక తెలుసుకుంతారేటి? ఆ సెల్లేదో కొనీండి," అంది అమ్మ. నాన్నకీ అదే బెంగ.

కొట్లో ఫోన్ నుంచి కంపెనీ నంబరు కలిపాను. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, పాట వినిపించింది, చివరికి ఒకమ్మాయి హిందీలో పలికింది. "ఎవులమ్మాయో, ఏ ఊరో అడుగమ్మీ," అన్నాడు నాన్న పక్కనుంచి. ఊరూ పేరూ అడక్కుండా బేరం మొదలెడితే ఆయన దృష్టిలో అది వ్యాపారమే కాదు. అడిగాను. పాపం, ఆ పిల్ల నవ్వి పేరు చెప్పింది, తనది కటకమంది. తర్వాత కనెక్షన్ ధర, నిమిషానికి ఎంతో, అన్నీ ఓపిగ్గా చెప్పింది. నేను ఒక్కో ముక్కా తెలుగులో అప్పజెపుతుంటే నాన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎక్కువ సెప్తంది. తగ్గించమను."

ధర తన చేతిలో లేదంది ఆ పిల్ల. ఆ వెంటనే, "మీకు ఇంకేమైనా సహాయం కావాలా?" అంది.

అది నేను తెలుగులో చెప్పేసరికి నాన్న కళ్లు తెరిచాడు. "సూసేవా, మెత్తబడింది. ఫోను పెట్టీ!"

"పెట్టేస్తే ఎలా నాన్నా?"

"మన బేరాలెప్పుడూ సూడలేదేటి? లేచి మెట్లు దిగుతుంతే ఆళ్లే ఎనక్కి పిలుస్తారు. పెట్టీ."

పెట్టేశాను. టోకు బజారులో అదే పద్ధతి, నిజమే. అక్కడ మెట్లుంటాయి, ఇక్కడ మెట్లు లేవన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు (హిందీతోపాటు తెలివి కూడా ధారాళమనుకునేదాన్ని). ఇక మొదలైంది కాపలా. తెరుబలి నుంచి పాత ఖాతాదారు పప్పు ధర అడగడానికి ఫోన్ చేస్తే, "లైను కాళీగుండాల బాబూ, తరవాత సేయి," అని పెట్టేశాడు నాన్న. మర్నాడు సంత రోజు. తెల్లారే జీపు వచ్చి కొట్టుముందు హారన్ కొట్టింది. "నువ్వెల్లిపో. బేరం తెగేదాకా నాను కదల్ను," అని గుమస్తానొక్కణ్ణే పంపించేశాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది.

మధ్యాహ్నం భోజనం పళ్లెం కూడా కొట్లోకే వచ్చింది. రెండు ముద్దలు తిన్నాడో లేదో ఫోన్ మోగింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఎడమ చేత్తో తీసి, గొంతు గంభీరంగా పెట్టి, హలో కూడా అనకుండా, "ఆఖరి మాట సెప్పండి!" అన్నాడు.

అవతల మా బావ. "ఆడపిల్ల మావయ్యా, ఇప్పుడే. ఇద్దరూ కులాసా. మీకే ముందు సేసేను," అన్నాడు.

నాన్న రిసీవరు నా చేతికిచ్చాడు. "తల్లెలాగుందో నువ్వడుగమ్మీ," అన్నాడు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వీధిలోకి వెళ్లి, కనబడ్డవాళ్లందరికీ చెప్పుకొచ్చాడు. ఈసారి ఊరికి తనే చెప్పాడు.

కంపెనీవాళ్లు వెనక్కి పిలవలేదు. వారం తిరక్కుండానే ఆ కటకం పిల్ల చెప్పిన ధరకే నాన్న కనెక్షన్ తీసుకున్నాడు. మొదటి ఫోన్ గుణుపురానికే. ఫోన్ పసిపిల్ల దగ్గర పెట్టమని, సెల్ చెవికానించుకుని, మాటా పలుకూ లేకుండా నిలబడిపోయాడు. నిమిషాలు గడిచిపోతుంటే నా ప్రాణం విలవిల్లాడింది. "ఏదో ఒకటి మాట్లాడు నాన్నా, డబ్బులు పడతన్నాయి!"

"ఉండమ్మీ," అన్నాడు చెయ్యి అడ్డం పెట్టి, "ఊపిరి తీసుకుంతంది."

ఇప్పుడు నిమిషాల లెక్క ఎవరికీ లేదు. మా పిల్లలకి ఫోన్ చేసి తిన్నారా, పడుకున్నారా అని గంటసేపు నేనే వాయిస్తాను. పెట్టేశాక గాని గుర్తురాదు, అవతలివాళ్లకి ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వలేదని. నాలో నేనే నవ్వుకుంటాను. మళ్లీ చేసి ఏమీ మాట్లాడకుండా వినాలనిపిస్తుంది గాని, అలా వినడం నాకు చేతకాదు.